రేషన్ బియ్యం సరే, పప్పు సంగతేంటి? రాజమహేంద్రవరం స్టూడియో చర్చ

తెలంగాణ 2025 ఉగాదికి రేషన్ కార్డులకు సన్న బియ్యం మొదలుపెట్టింది. మన ఆంధ్రప్రదేశ్‌లో అదే ఏడాది జూన్ నుంచి బడుల్లో, హాస్టళ్లలో సన్న బియ్యం వండుతున్నారు. కార్డులకూ ఇవ్వాలన్న గొడవ మీద జరిగిన చర్చ ఇది. మాట మీద మాట పడ్డ చోట కూడా సరిచేయకుండా ఇస్తున్నాం.

యాంకర్: నమస్కారం. ముగ్గురికీ సమానంగా సమయం ఇస్తాను. డాక్టర్ గారూ, గోదావరి జిల్లాల్లో ఏ ఇంటికెళ్లినా షుగర్ మాత్రలే. ప్రభుత్వం డబ్బు పెట్టి పండించి, మళ్లీ డబ్బు పెట్టి పంచే తెల్లన్నమే దీనికి కారణమా?

డాక్టర్: అన్నం ఒక్కటే అనలేనండి. ఒంటికి పని తగ్గింది, నూనె పెరిగింది, వంశంలో ఉన్నదీ ఉంటుంది. నా దగ్గరకొచ్చే ఆడవాళ్లలో బరువూ రక్తహీనతా రెండూ ఒకే మనిషిలో కనిపిస్తున్నాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత. 36.3 శాతం మందికి ఉండాల్సిన దానికన్నా బరువెక్కువ. కడుపు నిండుతోంది గానీ రక్తం పట్టట్లేదు. ఎందుకంటే...

యాంకర్: అంటే బియ్యమే కదా?

రైతు నాయకుడు: ఆయ్, ఒక్క నిమిషమండి! బియ్యం తప్పంటే పండించినోడిది తప్పన్నట్టే కదండీ. కోనసీమలో సార్వాకి, అంటే వానాకాలం పంటకి, ఇంకేం వేయమంటారు? మురుగు కాల్వల నిండా గుర్రపుడెక్క. వానొస్తే చేలో మోకాల్లోతు నీళ్లు. రాగులు వేయమంటారు, కొర్రలు వేయమంటారు. బతుకుతాయా ఆ నీళ్లలో? వరి ఒక్కటే తట్టుకుంటది. 2011లో లాభం లేదని పంట విరామం ప్రకటించాం. ఊళ్లకి ఊళ్లు చేలు ఖాళీగా వదిలేశాయండి. అప్పుడు మా ఆరోగ్యం ఎవరికీ గుర్తు రాలేదు!

యాంకర్: అది వేరే విషయం...

రైతు నాయకుడు: అదే విషయమండి! చెప్పనివ్వండి. యూరియా బస్తా 266 రూపాయల యాభై పైసలకి ఇస్తున్నారు, ధాన్యం క్వింటాలు 2025-26లో 2,369కి కొన్నారు. అంటే ప్రభుత్వమే కదా వరి వేయమంటున్నది? అదే ఏడాది రాగులకి మద్దతు ధర 4,886, మినుముకి 7,800 అని కాగితం మీద ఉంది. బాగానే ఉందండి. కొనేవాడెవడు? ధాన్యానికైతే రైతు సేవా కేంద్రం ఉంది, తేమ 17 శాతం దాటిందని తిప్పలు పెట్టినా చివరికి తీసుకుంటారు. అపరాలు, అదే పప్పుధాన్యాలు, పట్టుకెళ్తే దళారి చెప్పిందే ధర.

శాస్త్రవేత్త: ఆ మాట నిజం. నేను మార్టేరు వరి పరిశోధన కేంద్రంలో పనిచేశాను. 1925లో పెట్టిన కేంద్రం, నూరేళ్లు నిండాయి. 1982లో ఇచ్చిన స్వర్ణ వరి వంగడం, ఎం.టి.యు. 7029, దేశంలో ఎన్ని కోట్ల కడుపులు నింపిందో! దాన్ని చిన్నచూపు చూడకూడదు. అయితే మన పరిశోధనా, నీళ్లూ, ఎరువూ, కొనుగోలూ అన్నీ ఒక్క గింజ చుట్టూనే తిరిగాయి. చౌకగా దొరుకుతుందని యూరియా కుమ్మరించి జింకు మరిచిపోయాం. దాళ్వా, అంటే రెండో పంట వరి, అయ్యాక వేసే పెసర, మినుము తగ్గిపోయాయి. ఒకప్పుడు గట్ల మీద కంది ఉండేది...

యాంకర్: మాస్టారూ, షుగర్ దగ్గరకొద్దాం. తెల్లన్నమే కారణమా, అవునా కాదా?

శాస్త్రవేత్త: అవునూ కాదూ అని తేల్చేది కాదండి. మర పట్టి తవుడు తీసేస్తే బి విటమిన్లు పోతాయి. అవి చాలక వచ్చే బెరిబెరి జబ్బు పూర్వం మన సర్కారు జిల్లాల్లో ఉండేది. ఆ జబ్బు మీద పరిశోధనకని 1918లో కూనూరులో పెట్టిన చిన్న విభాగమే నేటి హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ. వడ్లని ఉడికించి, ఆరబెట్టి పట్టిన ఉప్పుడు బియ్యంలో ఆ విటమిన్లు గింజలోకి దిగి నిలుస్తాయి. మనం దాళ్వాలో బొండాలనే లావు రకం ధాన్యం పండించి, ఉప్పుడు బియ్యం చేసి కేరళకి పంపి, పచ్చి బియ్యం మనం తింటున్నాం!

రైతు నాయకుడు: మరదే కదండీ నేనూ...

డాక్టర్: నన్ను ఒక్క మాట చెప్పనివ్వండి. మనిషికి నెలకి అయిదు కిలోల ఉచిత బియ్యమంటే రోజుకి 160 గ్రాముల పైచిలుకు. ఆకలికి అది పెద్ద అండ. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం రాకముందు పేదింట్లో రెండు పూటలా అన్నం ఎక్కడిది? దాన్ని నేను తీసేయమనను. కానీ గింజధాన్యాల నుంచి వచ్చే శక్తి 45 శాతం దాటకూడదని జాతీయ పోషకాహార సంస్థ 2024లో చెప్పింది. మిగతాది పప్పు, కూర, గుడ్డు, పాలు. వాటికి సాయం ఎక్కడ? కార్డుకి కందిపప్పు ఒక నెల వస్తే ఇంకో నెల రాదు. సన్నదైనా దొడ్డుదైనా బియ్యం బియ్యమే. ఆ ఖర్చు పప్పు మీద...

(డాక్టర్ గారికి ఈ మాట పూర్తి చేసే అవకాశం మళ్లీ రాలేదు. ఆ పూటకి వినాల్సిన మాట అదే.)

యాంకర్: సన్న బియ్యంతో షుగర్ ఇంకా పెరుగుతుందా?

రైతు నాయకుడు: ముందు రేషన్ బియ్యంలో కలిపిన ఆ ప్లాస్టిక్ గింజలు...

డాక్టర్: ప్లాస్టిక్ కాదండీ! బియ్యప్పిండిలో ఐరన్, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి చేసిన గింజలు. వంద కిలోలకి ఒక కిలో కలిపేవారు. నీళ్లలో తేలాయని ఏరి పారేస్తున్నారు. అవి పారేయకండి.

రైతు నాయకుడు: జనానికి ఎవరు చెప్పారమ్మా? చెప్పకుండా కలిపితే భయపడరా? అందుకే అమ్ముకుంటున్నారు. ఆ బియ్యమే మళ్లీ మిల్లుకెళ్లి పాలిష్ అయి బయటకొస్తోంది. నేరం మాత్రం రైతుదంటారు.

యాంకర్: రైతుదని ఎవరూ అనలేదు.

రైతు నాయకుడు: ఇందాకట్నుంచీ మీరు అడిగేదేంటండి మరి? భీమవరం వైపు చూడండి. చేలు రొయ్యల చెరువులయ్యాయి. ఆక్వా జోన్లలో కరెంటు యూనిట్ రూపాయిన్నరకి ఇచ్చారు. ఆ రొయ్య ఎవరు తింటున్నారు? అమెరికా తింటోంది! మన డబ్బుతో మన నీళ్లలో పెరిగిన మాంసకృత్తులు ఓడెక్కి పోతున్నాయి. మా కూలోళ్ల పిల్లలకి పప్పుచారు. పక్క చేను చెరువైతే ఉప్పు ఊరి నా వరి పోతోంది, అదెవరు చూస్తారు?

శాస్త్రవేత్త: ఈ ఉప్పు సంగతి మాత్రం విడిగా చర్చించాలి...

యాంకర్: సమయం తక్కువుంది. డాక్టర్ గారూ, ఒక్క వాక్యంలో: షుగర్‌కి...

డాక్టర్: ఒక్క వాక్యంలో కుదరదండి. బడి భోజనంలో గుడ్డు పెట్టడం వల్ల పిల్లలకి...

రైతు నాయకుడు: గుడ్డు మన తణుకు కోళ్లదేనండి! అలాగే మా మినుమూ కొనండి. హాస్టళ్లకీ బళ్లకీ ఇక్కడి పప్పే పెట్టండి. డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టుకున్నారు కదండీ భోజనానికి, ఆకలన్నవాళ్లకి అన్నం పెట్టిన ఆవిడ, మా లంకల గన్నవరం ఆవిడ. పెట్టే చెయ్యి ఎలా ఉండాలో ఆవిణ్ణి చూసి నేర్చుకోమనండి. ధాన్యంలా పప్పునీ కళ్లం దగ్గరే కొంటే, వచ్చే దాళ్వాకే సగం చేలో అపరాలేస్తాను. రాసుకోండి!

డాక్టర్: సగం వేస్తారా నిజంగా? నీళ్లు వదిలితే వరే వేస్తారు కదా అందరూ?

రైతు నాయకుడు: కాల్వకి నీళ్లు ఎప్పుడొదలాలో రైతుని అడిగారా ఎప్పుడైనా? కౌలు బస్తాల్లో కట్టాలండి. ధాన్యం పండకపోతే కౌలెలా కడతాం? సొంత చేనున్నోడు అపరాలేస్తాడు, కౌలోడు ఏం వేస్తాడు? ముందు ఆ...

యాంకర్: క్షమించాలి, సమయం అయిపోయింది. తెల్లన్నం, షుగర్ అంశం మీద వచ్చే వారం మళ్లీ...

రైతు నాయకుడు: షుగర్ కాదండీ, కౌలు! కౌలు గురించి పెట్టండి!