మార్గరెట్ పోడు: ఒక యార్క్‌షైర్ ఇంటిపేరు కథ

నమస్కారం. ఈ రోజు ఉదయం ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్ ప్రాంతపు ఊరు హాలిఫాక్స్‌లో పోస్టాఫీసు వరుసలో నిలబడినప్పుడు, నా ముందున్న పెద్దావిడ చేతిలోని పార్సెల్ మీద ‘మర్గట్రాయిడ్’ అన్న ఇంటిపేరు కనిపించింది. నేను కూడబలుక్కుని చదువుతుంటే ఆవిడ నవ్వి, సరిగ్గా ఎలా పలకాలో రెండుసార్లు చెప్పారు. ఇంటికి వచ్చాక కూర్చుని ఆ పేరు మూలం వెతికాను.

ఇందులో మొదటి భాగం మార్గరెట్ అనే ఆడవారి పేరు. రెండవదైన ‘రాయిడ్’ అంటే చెట్లు నరికి చదును చేసిన నేల. మన ఏజెన్సీ ప్రాంతాల మాటలో చెప్పాలంటే పోడు కొట్టిన భూమి, కాకపోతే వీరు ఏళ్లకొకసారి చోటు మార్చేవారు కాదు. పాత ఇంగ్లీషులో ‘రొడ్’ అనే మాట ఈ లోయల యాసలో సాగి సాగి ‘రాయిడ్’ అయింది. బొగ్గును ‘కోల్’ అనకుండా ‘కాయిల్’ అనే ఇక్కడి ముసలివాళ్ల ఉచ్చారణలోనూ ఇదే పోకడ ఉంది. ఓక్ చెట్లున్న పోడు ఆక్రాయిడ్, పల్లంలోని పోడు హోల్‌రాయిడ్. ఇక మార్గరెట్ పేరిట ఉన్న పోడు హాలిఫాక్స్ పక్కనే, వార్లీ ప్రాంతంలో ఉండేదట. కమ్మరి అనే అర్థమున్న ‘స్మిత్’ ఊరూరా విడివిడిగా పుట్టింది. ఒకే ఒక్క చోటు నుంచి బయలుదేరిన ఈ పేరు మాత్రం అరుదుగానే మిగిలింది. 14వ శతాబ్దపు రికార్డులలో అది ‘మోర్గేట్రాయిడ్’ వంటి రూపాలలో కనిపిస్తుంది.

ఇప్పుడు మీరు చూస్తున్న నల్లబడిన రాతి భవనం కీత్లీ దగ్గరి ఈస్ట్ రిడిల్స్‌డెన్ హాల్. హాలిఫాక్స్ బట్టల వ్యాపారి జేమ్స్ మర్గట్రాయిడ్ 1640ల ప్రాంతంలో దీనిని కట్టించాడు. 1934 నుంచి ఇది పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ చేతిలో ఉంది. ఉన్ని నేతతో డబ్బు చూసిన కుటుంబం అడవి పేరును ఇంత పెద్ద గుమ్మం దాకా తెచ్చిందన్నది నాకు ముచ్చటగా అనిపించింది. 1887లో లండన్ సవోయ్ థియేటర్‌లో ఆడిన ‘రడిగోర్’ అనే హాస్య సంగీత నాటకంలో శాపగ్రస్తులైన జమీందార్లకు ఇదే పేరు పెట్టారు. పలకడానికే వింతగా ఉండడం వల్ల కాబోలు, నవ్వించేవారికి అది బాగా పనికి వచ్చింది.

మా ఇంటిపేరు కూడా పల్నాడులోని ఒక ఊరి పేరేననీ, నాలుగు తరాలుగా మావాళ్లెవరూ అక్కడ లేరనీ పోస్టాఫీసులో ఆవిడతో అన్నాను. “మేమూ అంతే కదా” అంటూ ఆవిడ పార్సెల్‌ను కౌంటర్ మీద పెట్టారు. పంపేవారి పేరు మర్గట్రాయిడ్, అందుకునేవారి పేరు మర్గట్రాయిడ్, చిరునామా ఆస్ట్రేలియా.