గొర్రె కనురెప్ప తెరిచి చూడండి

నమస్కారం. నా చేతిలో ఉన్నది మా మందలోని మూడేళ్ల గొర్రె. ఎలా పట్టుకున్నానో ముందు చూడండి. ఒక చెయ్యి గడ్డం కింద, ఇంకో చెయ్యి తుంటి మీద. గడ్డం పైకెత్తి ఉంచితే గొర్రె ముందుకు దూకలేదు. ఉన్ని పట్టి మాత్రం లాగకండి, కింద చర్మం కమిలిపోతుంది.

ఇప్పుడు బొటనవేలితో పైరెప్పను కొద్దిగా నొక్కి, ఇంకో చేతి వేలితో కింది రెప్పను కిందికి జార్చండి. లోపలి పొర ఎర్రగా కనిపిస్తోందా? ఒంట్లో రక్తం సరిపడా ఉన్నట్టే. దీన్ని వదిలేసి ఆ పక్కదాన్ని పట్టుకుందాం. ఇదిగో, రెప్ప లోపల పాలిపోయి ఉంది. దవడ కింద చిన్న సంచిలా నీరు దిగింది, నొక్కితే మెత్తగా ఉంది. ఇది పొద్దున మందతో పాటే నడిచింది, మేత కూడా మేసింది. అయినా దీని కడుపులో రక్తం తాగే నట్టలు, అంటే పురుగులు, ఉన్నాయి.

ఈ రకం నట్టలు పడితే గొర్రె పారుకోవాలని లేదు. పెంటికలు గట్టిగానే ఉంటాయి. మొదట్లో మేం పెంటికలు చూసి పొట్ట బాగుందని తేల్చేసేవాళ్లం. ఆ లెక్క తప్పని రెండు గొర్రెలు పోయాక అర్థమైంది. గొర్రెకు బాధను దాచుకునే గుణం ఉంది. మందలో నీరసంగా కనిపించేదాని మీదికే తోడేలు వస్తుంది కాబట్టి, నిలబడగలిగినంతసేపు నిలబడే ఉంటుంది. పడుకుని లేవలేదంటే చాలావరకు ఆలస్యమైపోయినట్టే.

మరి మందంతటికీ నెలనెలా నట్టల మందు పోసేస్తే సరిపోదా అని మా నాన్న అడిగేవారు. కొన్నాళ్లు అలాగే పోశాం కూడా. మందుకు చావని నట్టలు మిగిలి, వాటి సంతతే పెరుగుతుంది. ఆ తర్వాత సీసాలు ఖాళీ అవుతాయే తప్ప రెప్పలు ఎర్రబడవు. అందుకే రెప్ప పాలిపోయినవాటికే పోయండి. బరువును కంటితో అంచనా కట్టకుండా తూచి పోయండి, తక్కువ మోతాదు కూడా నట్టలను మొండిగా తయారుచేస్తుంది. ఇంకొకటి, నట్టల పిల్లలు ఎక్కువగా గడ్డి మొదళ్ల దగ్గరే ఉంటాయి. గడ్డి నాలుగు వేళ్ల ఎత్తుకు దిగకముందే మందను వేరే చోటికి మార్చండి.

గిట్టల సంగతికి విడిగా వీడియో చేయాలి. ప్రస్తుతానికి, రాత్రి పడుకునే చోటు పొడిగా ఉంచండి.

ఇక దాణా. ఈ తప్పు నాదే కాబట్టి వివరంగా చెబుతాను. ఒక రాత్రి దాణా గదికి గొళ్లెం పెట్టడం మరిచాను. తెల్లవారేసరికి నాలుగు గొర్రెలు ధాన్యం బస్తా మీద ఉన్నాయి. బలమైనవే కదా ముందు చేరేది! ధాన్యం ఒక్కసారిగా ఎక్కువ పడితే కడుపులో ఆమ్లం పెరిగిపోతుంది, నెమరు ఆగిపోతుంది. రెండింటిని పశువైద్యుడు కాపాడగలిగారు. పోయిన రెండింటిలో ఒకటి ఏటా కవలలను ఈనేది. దాని పేరు ఎత్తితే మా అమ్మ ఇప్పటికీ నా వైపు ఒక చూపు చూస్తుంది. దాణా మార్చాలంటే రెండు వారాలు పట్టించి కొద్దికొద్దిగా మార్చండి. ఉన్నట్టుండి మేత మారినప్పుడు చిటుకు రోగం, అంటే పేగుల్లో విషం పుట్టే జబ్బు, కూడా వస్తుంది, బాగా ఎదుగుతున్న పిల్లలనే ముందు తీసుకుపోతుంది. దానికి టీకా ఉంది. ఆవులకని కొన్న ఖనిజ లవణ మిశ్రమాన్ని గొర్రెలకు పెట్టకండి. అందులోని రాగి వీటి కాలేయంలో పేరుకుని విషమవుతుంది.

ఇప్పుడు ఈత. పొట్టేలును కలిపిన తేదీ రాసుకోండి. అక్కడి నుంచి సుమారు 147 రోజులు. కడుపులో పిల్ల ఎక్కువగా ఎదిగేది చివరి ఆరు వారాల్లోనే, తల్లికి మంచి మేత అప్పుడు అవసరం. ఈనేటప్పుడు రెండు ముందుకాళ్లు, వాటి మీద ముక్కు కనిపిస్తే కంగారు పడకండి, దాని పని దాన్ని చేసుకోనివ్వండి. తల ఒక్కటే వచ్చినా, తోక ముందు వచ్చినా పశువైద్యుడికి ఫోన్ చేయండి. ఇంట్లో గర్భిణులు ఉంటే ఈ రోజుల్లో దొడ్డిలోకి రానివ్వకండి. మాయ నుంచి, ఉమ్మనీటి నుంచి అంటుకునే జబ్బులు ఉన్నాయి. మా చెల్లెలు ఈ మాటకు నాతో రెండు రోజులు మాట్లాడలేదు, అయినా రానివ్వలేదు.

పిల్ల పుట్టగానే బొడ్డుకు అయోడిన్ అద్దండి. తల్లి కడుపులో ఉండగా రోగనిరోధక శక్తి పిల్లకు చేరదు, అది ముర్రుపాలలోనే రావాలి. గంటలు గడిచేకొద్దీ ఆ శక్తిని పీల్చుకునే గుణం పిల్ల పేగుకు తగ్గిపోతుంది. తాగలేని పిల్లకు కిలో బరువుకు 50 మిల్లీలీటర్ల చొప్పున, మొదటి రోజు నాలుగు సార్లు పట్టండి. పట్టేముందు దాని నోట్లో వేలు పెట్టి చూడండి. చల్లగా తగిలితే ముందు ఆరబెట్టి, వెచ్చబెట్టి, తర్వాతే పాలు. పుట్టి ఐదారు గంటలు దాటిన పిల్ల చల్లబడితే మాత్రం వెచ్చబెట్టకముందే గ్లూకోజు అవసరం కావచ్చు, అది పశువైద్యుడి చేతి పని.

చివరగా, పోయినసారి ఈతలో ఒకే రాత్రి జరిగింది చెబుతాను. ఒక గొర్రెకు చచ్చిన పిల్ల పుట్టింది. ఇంకో గొర్రె ముగ్గురిని ఈని, మూడోదాన్ని తలతో నెట్టేసింది. తల్లి తన పిల్లను ముఖ్యంగా వాసనతో పోల్చుకుంటుంది. అందుకని చచ్చిన పిల్ల తోలు ఒలిచి, కాళ్లకు రంధ్రాలు చేసి, ఆ మూడోదానికి చొక్కాలా తొడిగాం. చేస్తున్నంతసేపూ మనసు ఒప్పలేదు. చిన్న గదిలో దాన్ని, పిల్ల చచ్చిన గొర్రెను కలిపి వదిలాం. తల్లి చాలాసేపు దూరంగా నిలబడింది. తర్వాత వచ్చి తోక కింద వాసన చూసి, గొంతులోనే సన్నగా పిలిచింది. పిల్ల పొదుగు కిందికి దూరింది. మూడో రోజు, తోలు కుళ్లకముందే, కొంచెం కొంచెంగా కత్తిరించి తీసేశాం. అదిగో, తొట్టి దగ్గర చెవికి పసుపు రంగు బిళ్ల ఉన్నది, అదే.