బిళ్లంటే లేని భయం ఇన్‌హేలరంటే ఎందుకు?

అందరికీ నమస్కారం.

ఆయాసంతో వచ్చిన మనిషికి ఇన్‌హేలర్ రాసివ్వగానే పక్కనున్నవాళ్లు, "అలవాటైపోతుందేమో డాక్టరుగారూ, బిళ్లలు రాయండి" అంటారు. ఒక్క లెక్క చూడండి. ఆయాసానికి వాడే సాల్బుటమాల్ బిళ్ల 4 మిల్లీగ్రాములది దొరుకుతుంది. అదే మందు ఇన్‌హేలర్‌లో పఫ్‌కి, అంటే ఒక్క నొక్కుకి, 100 మైక్రోగ్రాములు. అంటే ఒక్క బిళ్లలో 40 పఫ్‌ల మందు! అది రక్తంలో కలిసి ఒళ్లంతా తిరిగి చేతులు వణికిస్తుంది, గుండె దడ పుట్టిస్తుంది. పఫ్ అయితే నేరుగా ఊపిరి గొట్టాల్లోకి పోయి, బిగుసుకున్న కండరాన్ని 5 నిమిషాల్లో వదులు చేస్తుంది. ఆ హాయి 4 నుంచి 6 గంటలు ఉంటుంది.

అయితే మందు లోపలికి పోవాలి కదా. చాలామంది ముందు నొక్కేసి తర్వాత పీలుస్తారు. నోట్లోంచి పొగలా బయటికొచ్చిందంటే ఆ పఫ్ దండగే. డబ్బా బాగా ఊపండి. ఊపిరంతా వదిలి, ఇన్‌హేలర్ నోట్లో పెట్టుకుని పెదాలు బిగించి, నెమ్మదిగా పీలుస్తూ నొక్కండి. 10 సెకన్లు బిగబట్టండి. పిల్లలకీ పెద్దవాళ్లకీ స్పేసర్ (ఇన్‌హేలర్‌కి తగిలించే ప్లాస్టిక్ గొట్టం) ఉండాల్సిందే అంటాను నేను.

నా అసలు భయం వేరే. గొట్టాల లోపలి వాపును సాల్బుటమాల్ ముట్టుకోదు. దాన్ని తగ్గించేది స్టెరాయిడ్ ఇన్‌హేలర్. ఆ పేరు వినగానే టెన్షన్ పడి, దాన్ని పక్కనపెట్టి సాల్బుటమాల్‌తోనే నెట్టుకొస్తారు. ఉబ్బసానికి సాల్బుటమాల్ ఒక్కటే వాడొద్దని అంతర్జాతీయ నిపుణుల సంస్థ జీనా 2019లోనే చెప్పింది. 200 పఫ్‌ల సాల్బుటమాల్ డబ్బాలు ఏడాదికి 3 అయిపోతున్నాయంటే జబ్బు అదుపులో లేనట్టే. నెలకొకటి అయిపోతుంటే ప్రాణం మీదికి రావచ్చు. మెడికల్ షాపులో ఇంకోటి కొనేముందు డాక్టరుకి చూపించుకోండి.

పఫ్‌తోనూ కొందరికి వణుకు, దడ వస్తాయి, కాసేపటికి సర్దుకుంటాయి. గుండె జబ్బుంటే ముందే చెప్పండి. మైగ్రేన్‌కి వాడే ప్రొప్రనలాల్, ఆఖరికి గ్లకోమా అనే కంటి జబ్బుకి వేసుకునే టిమొలాల్ చుక్కలు కూడా ఉబ్బసం ఉన్నవాళ్లకి ఆయాసం తెప్పిస్తాయి. కంటి డాక్టరుకి ఉబ్బసం సంగతి చెప్పాలని ఎవరికి తడుతుంది? గర్భిణులు భయపడి ఇన్‌హేలర్ మానొద్దు. తల్లికి ఊపిరాడకపోతేనే బిడ్డకి ముప్పు.

మృగశిర కార్తెకి నాంపల్లి వెళ్లి చేప మందు మింగుతామంటారా, మీ నమ్మకం మీది. ఆ క్యూలో నిలబడేటప్పుడు కూడా జేబులో ఇన్‌హేలర్ ఉండాలి.

పఫ్‌లు పీల్చినా తగ్గకపోయినా, ఒక వాక్యం పూర్తిగా మాట్లాడలేకపోతున్నా, పెదాలు నీలంగా మారినా 108కి ఫోన్ చేయండి. వాళ్లొచ్చేదాకా మనిషిని పడుకోబెట్టకుండా కూర్చోబెట్టి, స్పేసర్‌తో ఒక్కో పఫ్ ఇస్తూనే ఉండండి.