నీ ఇష్టంతోనే పోయినవ్ గదా

అక్క: ఇయ్యాల ముచ్చట, గల్ఫ్‌ల ఇంటిపనికని పోయి మోసపోయి వచ్చిన ఆడోళ్లు కేసు పెట్టుడు గురించి.

తమ్ముడు: ముందుగాల వీసా ఫొటో...

అక్క: ఇగో, మొదలైంది! వీసా ఫొటో అన్నప్పుడల్లా చాయ్ పైసలు నీవే.

తమ్ముడు: ఇస్త తియ్. విమానం ఎక్కకముందే వీసా ఫొటో ఇంటోళ్ల ఫోన్ల ఉండాలె. విజిట్ అని ఉంటే, అంటే పనికి కాదు చూసొచ్చేటందుకే అని, ఆడనే ఆగాలె.

అక్క: విజిట్ ఎందుకు కొట్టిస్తరు? ఈసీఆర్ (పనికి పోవాలంటే సర్కారు క్లియరెన్స్ గావాల్సిన) పాస్‌పోర్ట్ ఉన్న ఆడమనిషికి 30 ఏండ్లు నిండకుంటే ఇంటిపనికి క్లియరెన్స్ రాదు.

తమ్ముడు: మంచి రూలే గదా?

అక్క: ఏం మంచి? 26 ఏండ్ల పిల్ల ఇంట్ల అప్పు ఆగుతదా? ఏజెంట్ దుబాయ్‌కి విజిట్ తీస్తడు, దానికి క్లియరెన్స్ అక్కర్లేదు. ఆడికెళ్లి మస్కట్‌కు దాటిస్తడు. సర్కారు ఈ-మైగ్రేట్ పోర్టల్‌ల పేరుండదు, కాంట్రాక్ట్ ఉండదు, 10 లక్షల బీమా ఉండదు.

తమ్ముడు: రూలు తీసేస్తే ఏజెంట్లకు పండుగే. బయటిదేశం నౌకర్లకు పంపే తెలంగాణ సర్కారు కంపెనీ టామ్‌కామ్ నుంచే పొమ్మనాలె.

అక్క: టామ్‌కామ్ హైదరాబాద్‌ల ఉన్నది. సబ్ ఏజెంట్ వాడకట్టుల్నే ఉన్నడు. ఎవలు ముందు దొరుకుతరు?

తమ్ముడు: ...అదైతే నిజమే. అయినా వయసు రూలు ఉండాలె అక్కా.

అక్క: ఉండనీ. దాటిపోయినామెను దొంగ లెక్క చూడొద్దు, గంతే. ఆ భయానికే నోరు తెరువరు.

తమ్ముడు: సరే, కేసు సంగతి?

అక్క: స్టేషన్ల "నీ ఇష్టంతోనే పోయినవ్ గదా" అని చీటింగ్ కింద రాస్తరు. మనుషుల అక్రమ రవాణా సెక్షన్, బీఎన్‌ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 143 అడగాలె. దోపిడీకి మోసం చేసి తీస్కపోతే ఆమె ఒప్పుకున్నదన్నది లెక్కల్లకు రాదు. శిక్ష కనీసం 7 ఏండ్లు.

తమ్ముడు: 1983 ఎమిగ్రేషన్ చట్టంల జుర్మానా 2,000 దాకనే! సిగ్గుచేటు.

అక్క: జైలు 2 ఏండ్ల దాక ఉన్నది. ఆ చట్టం కింద కేసుకు కేంద్రం అనుమతి గావాలె. కాని ఆమెనో, తల్లో, పెనిమిటో, అన్ననో ఫిర్యాదిస్తే అక్కర్లేదు.

తమ్ముడు: ఫిర్యాదుల తారీకులు రాయాలె. ఎవలి నంబర్‌కు ఫోన్‌పే చేసిండ్రు, ఏం పని అన్నరు, ఏం చేయించిండ్రు, పాస్‌పోర్ట్ ఎవలు గుంజుకున్నరు. నగదు ఇస్తే పక్కన ఎవలున్నరో వాళ్ల పేరు. ఇగ వీసా ఫొటో...

అక్క: రెండో చాయ్!

తమ్ముడు: నవ్వకు. విదేశాంగ శాఖ ఫిర్యాదుల పోర్టల్ మదద్‌ల ఎక్కియ్యాలంటే పాస్‌పోర్ట్ వివరాలు గావాలె గదా? ఇంకా ఆడనే ఉన్నామె ఏడుస్తున్న వీడియో ఫేస్‌బుక్‌ల పెడ్తే?

అక్క: పెట్టొద్దు. యజమాని చూస్తే మొదలు ఫోనే గుంజుకుంటడు. లొకేషన్ ఎంబసీకి పంపాలె.

తమ్ముడు: వీడియో బయటికొస్తేనే కదిలిన కేసులున్నయ్ అక్కా.

అక్క: ఉన్నయ్. ఆమె ఆ ఇల్లు దాటినంక పెట్టు, ఎవలొద్దన్నరు?

తమ్ముడు: దాటకపోతే?