చేతులు తాకేవాటికే ప్లాస్టిక్ తొడుగు
(ప్రాథమిక బడుల ఉపాధ్యాయులు, అంగన్‌వాడీ కార్యకర్తలు, తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఈ బల్ల మీది ల్యామినేషన్ యంత్రానికి ఇప్పుడే స్విచ్ వేశాను. ఎర్రదీపం వెలుగుతోంది. రోలర్లు వేడెక్కి పచ్చదీపం రావడానికి నాలుగైదు నిమిషాలు పడుతుంది. వచ్చినా నేను మాట్లాడటం ఆపనని నా దగ్గర చదువుకున్నవాళ్లకు తెలుసు.

మా తరానికి ల్యామినేషన్ అంటే జిరాక్స్ షాపు. రేషన్ కార్డు, పదో తరగతి మార్కుల జాబితా, వెంకటేశ్వరస్వామి పటం... పాడవకూడదనుకున్న ప్రతిదాన్నీ అక్కడికి పట్టుకెళ్లి ప్లాస్టిక్ వేయించుకుని వచ్చేవాళ్లం. ఇప్పుడు ఆ యంత్రం హార్మోనియం పెట్టెకన్నా చిన్నదై ఇళ్లలోకి వచ్చేసింది. కొన్న మొదటి వారం ఎవరికైనా ఒక పూనకం వస్తుంది. కనబడిన కాగితాన్నల్లా అందులోకి తోస్తారు. నేనూ తోశాను.

అలా తోసినవాటిలో రెండో తరగతి పిల్ల వేసిన నెమలి ఒకటి. మైనం క్రేయాన్లతో, కాగితం మెరిసేంత ఒత్తి ఒత్తి వేసింది. చక్కగా ఉందని, గోడకు పెడదామని ల్యామినేషన్ చేశాను. రోలర్ల వేడి 100 డిగ్రీలు దాటుతుంది. క్రేయాన్ మైనం అందులో సగం వేడికే కరుగుతుంది. నెమలి మెడ నీలం పాకి తోక ఆకుపచ్చలో కలిసిపోయింది, చుట్టూ నూనె మరక పడింది. ఆ పిల్ల దాన్ని కాసేపు అటూ ఇటూ తిప్పి చూసి, “సార్, నెమలి వానలో తడిసిందా?” అని అడిగింది. నేనేమీ చెప్పలేకపోయాను. ప్లాస్టిక్ లోపల అతుక్కున్నదాన్ని మళ్లీ వెనక్కి తీయలేం. అందుకే పిల్లలు చేత్తో వేసిన అసలు బొమ్మను ఇందులో పెట్టనని ఆనాడే అనుకున్నాను. మరీ ముచ్చటగా ఉంటే కలర్ జిరాక్స్ తీయించి, ఆ నకలుకు చేస్తాను. ఇంట్లో ఉన్న పాత ఫొటోలకూ, అసలు సర్టిఫికెట్లకూ ఇదే మాట.

ఇంకో పరాభవం కూడా చెప్పేస్తాను. ‘నా ప్రయాణం’ అని ఒక పని ఇచ్చి, పిల్లలతో బస్సు టికెట్లు తెప్పించి అట్ట మీద అంటింపజేశాను. కండక్టరు చేతిలోని యంత్రం నుంచి వచ్చే టికెట్టు వేడి తగిలితే నల్లబడే కాగితం. దాని మీద అక్షరాలు పడేదే వేడితో. రోలర్లలోంచి బయటికి వచ్చేసరికి ఊరి పేరూ లేదు, ఛార్జీ లేదు, అన్నీ బొగ్గుముక్కలు.

ఈ దెబ్బలు తిన్నాక నేను పెట్టుకున్న లెక్క ఒక్కటే. పిల్లల చేతులు రోజూ తాకేదానికి ల్యామినేషన్ చేయాలి. గోడ మీద ఉండి కళ్లు చూసేదానికి అక్కర్లేదు. గోడకున్న చార్టు నిగనిగలాడితే కిటికీ వెలుతురు దాని మీద పడి వెనక వరుస పిల్లలకు తెల్లటి మెరుపు తప్ప ఏమీ కనిపించదు. పైగా బరువెక్కి టేపు ఊడి కింద పడుతుంది. గోడకు మామూలు చార్టు చాలు. చిరిగితే పిల్లలే ఇంకొకటి రాస్తారు, దానివల్ల నష్టం లేకపోగా మళ్లీ నేర్చుకుంటారు. అన్నట్టు, అలంకరణకు థర్మాకోల్ వాడటం 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధం. వార్షికోత్సవానికి ఇంకా అవే పలకలు తెస్తున్నవాళ్లు ఇక్కడ ఇద్దరు ముగ్గురైనా ఉన్నారని నాకు అనుమానం.

మరి చేతులు తాకేవి ఏవి? నాకు అన్నింటికన్నా ఇష్టమైనది గుణింతాల తెర. అట్టముక్క మీద తలకట్టు లేకుండా ‘క’ రాయండి. ఇలాగే గ, చ, త, ద, న, స... ఒక్కో అక్షరం అరచేయంత ఉండాలి. వాటికి ల్యామినేషన్ చేయండి. తరవాత ఒక పౌచ్‌లో, అంటే కాగితాన్ని పెట్టి యంత్రంలోకి పంపే ప్లాస్టిక్ కవరులో, ముందుగా లోపలికి వెళ్లే మూసిన అంచు పొడవునా రెండు వేళ్ల వెడల్పు అట్ట పెట్టి, మిగతాది ఖాళీగా వదిలి యంత్రంలోకి పంపండి. పూర్తిగా ఖాళీ పౌచ్ మాత్రం పంపవద్దు, అది రోలర్లకు చుట్టుకుంటుంది. బయటికి వచ్చాక అట్ట ఉన్న వైపు పట్టుకోవడానికి పనికొస్తుంది, మిగతాది అద్దంలా ఉంటుంది. దాన్ని ముక్కలు చేసి, ఒక ముక్క మీద తలకట్టు, ఒకదాని మీద గుడి, ఇంకొకదాని మీద కొమ్ము, చెరగని మార్కరుతో గీయండి. పిల్ల ‘క’ మీద గుడి తెర పెడితే ‘కి’. తెర అలాగే ఉంచి కింద అట్ట మారిస్తే ‘గి’, ‘తి’, ‘ని’. గుడి అనేది అక్షరంలో భాగం కాదు, అక్షరం నెత్తిన వచ్చి కూర్చునేది అని నేను నోటితో ఎన్నిసార్లు చెప్పినా ఎక్కనిది, చేత్తో రెండుసార్లు మార్చగానే ఎక్కింది. మ, య లతో ఇది కుదరదు, ‘మి’, ‘యి’ దారి వేరు. జ, బ, ల లకు అసలు తలకట్టే లేదు. ఆ సంగతి నేను చెప్పకముందే మూడో తరగతి కుర్రాడు ఒకడు కనిపెట్టి, “సార్, ఇవి బోడివి” అన్నాడు.

రెండోది ముగ్గు చుక్కల పలక. తెల్ల కాగితం మీద ఏడు చుక్కలు, ఏడు వరుసలు పెట్టి ల్యామినేషన్ చేస్తే వైట్‌బోర్డు మార్కరుతో గీసి, పొడి గుడ్డతో తుడిచి, మళ్లీ గీయవచ్చు. రెండు మూడు రోజులు తుడవకుండా వదిలేస్తే మరక పడుతుంది. పొరపాటున చెరగని మార్కరుతో గీశారా? కంగారు పడకండి. దాని మీదే వైట్‌బోర్డు మార్కరుతో రుద్ది, ఆరకముందే తుడవండి, రెండూ కలిసి వచ్చేస్తాయి.

ఇక పని గురించి. పౌచ్ అంటే బయట గట్టి ప్లాస్టిక్ పొర, లోపల వేడికి కరిగే జిగురు పొర. దాని దళసరిని మైక్రాన్లలో చెబుతారు. వెయ్యి మైక్రాన్లు ఒక మిల్లీమీటరు. ఇంటి పనికి 80, బడి పనికి 125 సరిపోతాయి. మీ యంత్రం ఎంతవరకు పట్టగలదో దాని మీదే రాసి ఉంటుంది. మూసి ఉన్న అంచు ముందుగా లోపలికి వెళ్లాలి. ఇది తిరగబడితేనే సగం కాగితాలు ఇరుక్కుంటాయి. ముక్కలుగా కావలసిన అక్షరాలను ముందే కత్తిరించి, ఒకదానికొకటి వేలెడంత దూరంగా పౌచ్‌లో పేర్చండి. తరవాత కత్తిరించేటప్పుడు కాగితం చుట్టూ మూడు నాలుగు మిల్లీమీటర్ల ప్లాస్టిక్ అంచు వదలండి. కాగితం అంచుకు ఆనించి కోస్తే తడి లోపలికి దిగుతుంది, నోట్లో పెట్టుకునే వయసు పిల్లలైతే మరీను. మూలలు కంటిలో గుచ్చుకునేంత వాడిగా ఉంటాయి. నేను గోళ్లు తీసే కట్టరుతో గుండ్రంగా చేస్తాను.

పౌచ్ మధ్యలో ఉండగా కరెంటు పోతే? మన దగ్గర ఇది తప్పకుండా జరుగుతుంది. ప్రక్కన రోలర్లను వదులు చేసే మీట ఉంటుంది, అది నొక్కి మెల్లగా వెనక్కి లాగండి. యంత్రం కొనేటప్పుడు ఆ మీట ఉందో లేదో చూసి కొనండి, మిగతా హంగులు లేకపోయినా ఫరవాలేదు.

కోసేసిన తుక్కును కాగితాల చెత్తలో వేయకండి, ప్లాస్టిక్, కాగితం అతుక్కుని ఉండేదాన్ని వేరు చేయడం ఎవరివల్లా కాదు. బడి వెనక మంట పెట్టడం అంతకన్నా వద్దు. చేసేదే తక్కువ చేస్తే ఈ బాధ తక్కువ.

పచ్చదీపం వచ్చింది. ఆకులు, పూలు తెమ్మని ముందే చెప్పాను కదా. చింతాకులు, వేప రెమ్మలు, తంగేడు రేకులు వారం పది రోజులు పాత వార్తాపత్రికల్లో పెట్టి, పైన బరువు ఉంచి ఆరబెట్టినవైతేనే ఇందులోకి వెళ్లాలి. ముద్దమందారం వద్దు, అది ఎంత నొక్కినా లావే. అన్నింటికన్నా బాగా వచ్చేవి కాగితం పూలు. పేరుకు తగ్గట్టు అవి ముందే సగం కాగితాలు. ఇదిగో, మూసిన అంచు ముందుకు... చూడండి, ఎరుపు ఏమాత్రం తగ్గలేదు.

రెండో వరుసలో అమ్మా, మీ రావి ఆకు ఇటివ్వండి. చూశారా, కాడ దగ్గర వంచితే ఇంకా విరగడం లేదు. లోపల తడి ఉంది. ఇప్పుడు పెడితే ఆ తడి ఆవిరై బుడగలు లేస్తాయి, నాలుగు రోజులకు గోధుమ రంగు తిరుగుతుంది. మళ్లీ పుస్తకంలోనే పెట్టేయండి, వచ్చే ఆదివారం చేద్దాం. తరవాత ఎవరు?