శకవర్షానికి 78 కలిపితే సరిపోదు

అందరికీ నమస్కారం. శాసనంలో అక్షరాలన్నీ తప్పు లేకుండా చదివినవాళ్లు కూడా తేదీ దగ్గర తొందరపడుతుంటారు. అందుకే ఈ సాయంత్రం లిపి జోలికి వెళ్లను, తేదీ లెక్క ఒక్కటే చెప్తాను.

హనుమకొండ వేయిస్తంభాల గుడిలోని కాకతి రుద్రదేవుని శాసనం చూడండి. శకవర్షం 1084, చిత్రభాను సంవత్సరం, మాఘ శుద్ధ త్రయోదశి, వడ్డవారం. శకవర్షాన్ని క్రీస్తు శకంలోకి మార్చడానికి మామూలుగా 78 కలుపుతారు. అలా కలిపితే 1162 వస్తుంది. కానీ శకవర్షం మారేది ఉగాదికి. మాఘం నాటికి జనవరి వచ్చేసింది కనుక 79 కలపాలి. అప్పుడు 1163 జనవరి 19 అవుతుంది. పుష్యమాసంతోనే చిక్కు. అది డిసెంబరులోనూ పడొచ్చు, జనవరిలోనూ పడొచ్చు. పాత తిథులకు తేదీలిచ్చే పంచాంగ పట్టిక తెరవక తప్పదు.

ఇది సరైన తేదీ అని చెప్పే సాక్షి వారం. వడ్డవారమంటే శనివారం. ఆ రోజు శనివారమే. చరిత్రకారులు ఆ కాలానికి జూలియన్ తేదీలే, అంటే పాత క్యాలెండర్ తేదీలే వాడతారు. మీ కంప్యూటర్ ఇప్పటి గ్రెగోరియన్ క్యాలెండర్ లెక్కలో జనవరి 26 చూపిస్తే కంగారుపడకండి, రెండూ ఒకే రోజు.

ఇక సంవత్సరం పేరు. గత శకవర్షానికి, అంటే పూర్తయిన సంవత్సరాల సంఖ్యకు, 12 కలిపి 60తో భాగించండి. మిగిలిన శేషమే ప్రభవ నుంచి వరుస సంఖ్య. సున్నా మిగిలితే అక్షయ. 1084కు 12 కలిపితే 1096, శేషం 16, అంటే చిత్రభాను. గణపతిదేవుని మోటుపల్లి శాసనంలో 1166కు శేషం 38, క్రోధి. శేషం ఆ పేరు వరుస సంఖ్యకంటే ఒకటి ఎక్కువ వస్తే శాసనంలో వేసింది వర్తమాన సంవత్సరం, అంటే ఇంకా నడుస్తున్న సంవత్సరం కావచ్చు. అప్పుడు 78 బదులు 77 కలపాలి. చెక్కినవాడి పొరపాటని వెంటనే తీర్పు చెప్పకండి. గురుగ్రహ గమనాన్ని బట్టి లెక్కించే ఉత్తరాది బార్హస్పత్య మానానికి మాత్రం ఈ సూత్రం పనికిరాదు.

అంకెలకు బదులు మాటలుంటే అసలు పరీక్ష మొదలవుతుంది. రాజరాజనరేంద్రుని కోరుమిల్లి తామ్రశాసనంలో పట్టాభిషేకం ‘వేదాంబురాశినిధి’ శకవర్షంలో జరిగిందని ఉంది. వేదాలు 4, అంబురాశి అంటే సముద్రం 4, నిధులు 9. అంకెలు కుడి నుంచి ఎడమకు పేర్చాలి కనుక 449 కాదు, 944. సింహంలో సూర్యుడు, బహుళ విదియ, గురువారం. 1022 ఆగస్టు 16 గురువారమే. సముద్రాలు ఏడు కదా అని అంబురాశికి 7 వేస్తే 974, అంటే 1052 అవుతుంది. అది కుదరదు. ఆయన 32వ పాలనా సంవత్సరంలో ఇచ్చిన నందంపూడి శాసనం 1053 నాటిది.

రాయి పెచ్చు ఊడి ఒక అంకె పోయినా సంవత్సరం పేరు ఆదుకుంటుంది. రుద్రమదేవి పుణ్యానికి భూమి దానమిచ్చిన చందుపట్ల శాసనం శక 1211, విరోధి నాటిది. అందులో మూడో అంకె చెరిగిపోయిందనుకుందాం. 12, ఒక ఖాళీ, చివర 1. శేషం 23 రావాలంటే 1211, 1271 మాత్రమే కుదురుతాయి. 1271 అంటే 1349. కాకతీయుల రాజధాని ఓరుగల్లు 1323లోనే ఢిల్లీ సైన్యాల వశమైంది కాబట్టి మిగిలేది 1211, అంటే క్రీ.శ. 1289.