పటాలు కట్టే కొట్టులోంచి వచ్చిన గ్యాలరీ

పెద్దలందరికీ నమస్కారం. పేర్లు ఇందాకే రెండుసార్లు చదివారు, నేను మళ్లీ చదవను. సికింద్రాబాద్‌లో పటాలు కట్టుకునేవాణ్ణి పిలిచి గ్యాలరీల చరిత్ర చెప్పమన్నారు, నాకు తెలిసింది ఒక్క బొంబాయి గ్యాలరీ కథే.

కేకూ గాంధీ అని ఒక పార్సీ ఆయన. కేంబ్రిడ్జిలో చదువుకుంటూ ఇంటికొస్తే రెండో ప్రపంచ యుద్ధం వచ్చిపడింది, మళ్లీ వెళ్లలేకపోయాడు. ఒక బెల్జియం ఆయన పరిచయమై 1941లో ఫ్రేముల వ్యాపారంలో దిగాడు. కంపెనీ పేరు కెమికల్ మౌల్డింగ్, మౌల్డింగంటే ఫ్రేము పట్టీ, దాన్నే కుదించి కెమోల్డ్ అన్నారు. అంటే ఇవాళ దేశమంతా గొప్పగా చెప్పుకునే గ్యాలరీ పేరులో ఉన్నది మా ఫ్రేము పట్టీయే బాబూ!

గ్యాలరీలు లేని ఆ రోజుల్లో ఆయన తన షోరూమ్ అద్దాల వెనక హుస్సేన్, హెబ్బార్, ఆరా లాంటి చిత్రకారుల బొమ్మలు పెట్టేవాడు. ఆరా ఎవరనుకున్నారు? మన బొల్లారంలో పుట్టినవాడు, చిన్నప్పుడే బొంబాయి పారిపోయి ఇళ్లల్లో పనిచేసి, కార్లు కడిగి బతికాడు. 1963లో బొంబాయి జహంగీర్ ఆర్ట్ గ్యాలరీ మేడ మీద అసలు కెమోల్డ్ గ్యాలరీ తెరిచారు, నడిపించడంలో భార్య ఖోర్షెద్‌దీ పెద్ద చెయ్యే. 1975లో మహారాష్ట్ర వార్లీ గిరిజన చిత్రకారుడు జివ్యా సోమా మాషేకి అక్కడే ప్రదర్శన పెట్టారు. తర్వాత కూతురు షిరీన్ చేతికొచ్చింది, 2007లో బొంబాయిలోనే ప్రెస్కాట్ రోడ్డుకి మారింది.

ఇంకా చాలా రాసుకొచ్చాను గానీ, నా మాటొకటి చెప్పనివ్వండి. ఇక్కడే ఒక గ్యాలరీ వాళ్లు, పేరెందుకు లెండి, రేపు ప్రారంభోత్సవం అనగా ఇవాళ సాయంత్రం ముప్పై రెండు బొమ్మలు తెచ్చి పడేశారు. ఫ్రేము మూల కోత వెంట్రుకవాసి తేడా వచ్చినా సందు కనబడుతుంది, అందుకని రాత్రంతా నేనూ మా తమ్ముడూ కూర్చుని కోసి, అద్దాలు తుడిచి, తెల్లారేసరికి గోడకెక్కించాం. పొద్దున సభలో కాఫీ పోసినవాళ్లకి కూడా థాంక్స్ చెప్పారండీ! మేం తలుపు దగ్గరే నిలబడున్నాం, చేతిలో స్క్రూడ్రైవర్‌తో. బిల్లు ఎనిమిది నెలలకొచ్చింది, అదీ బేరమాడి.

కేకూ గాంధీ మావాడని నేననుకునేది అందుకే. విద్యార్థులూ, రేపు మీ బొమ్మ అమ్ముడుపోతే...

ఉండండి, ఆ కిటికీ పక్క బొమ్మ ఎడమవైపు దిగింది, హుక్కు వదులైనట్టుంది. ఎవరైనా ఒక స్టూలు ఇలా అందించండి.